వార్డెన్ సంతకం

టీకా విషయంలో రాజకీయ నాయకులకూ శాస్త్ర సంస్థలకూ పేచీ వచ్చిందంటే ఆ కథను మనకు ఒకే తీరుగా చెబుతారు. నాయకుడిది తొందర, శాస్త్రవేత్తది జాగ్రత్త. నాయకుడికి తేదీ ముఖ్యం, శాస్త్రవేత్తకు రుజువు ముఖ్యం. కాబట్టి బుద్ధి ఉన్నవాళ్ళం శాస్త్రవేత్త పక్కన నిలబడితే సరిపోతుందన్నట్టు ఉంటుంది. కానీ తెలుగు నేల మీద గత నలభై ఏళ్ళలో జరిగినవాటిని వరసగా పెట్టుకుని చూస్తే ఈ కథ ఎక్కడా సరిగ్గా అతకదు. ఒక సందర్భంలో నిఘా పెట్టాల్సిన శాస్త్ర సంస్థే పనిలో భాగస్వామి అయింది. ఆపమని ఆదేశించింది కేంద్ర ఆరోగ్య శాఖ. ఎక్కడెక్కడ తప్పు జరిగిందో కాగితం మీద పెట్టింది పార్లమెంటు సభ్యులు. వీళ్ళందరినీ కదిలించింది మాత్రం ఏ అధికారమూ లేని స్త్రీల సంఘాలు. ఇంత జరిగినా, ఎవరి ఒంట్లోకి సూది దిగిందో ఆ ఆడపిల్లలను అడిగినవాళ్ళు లేరు. వేలమంది తరఫున హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. ఆ సంతకం ఎక్కడి నుంచి వచ్చిందో, దానివల్ల మనం ఏం పోగొట్టుకున్నామో చెప్పుకోవాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల మధ్య పెరిగినవాళ్ళకు 'మందు' అన్న మాట బాగా తెలుసు. జ్వరానికి వేసుకునేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే. ఫలానా పిల్ల 'మందు తాగింది' అంటే ఏ మందని ఎవరూ అడగరు. ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చాలా ఊళ్ళలో చెప్పేది అప్పు మీద డబ్బాలిచ్చే కొట్టు యజమాని. జ్వరానికి ఏ సూది వెయ్యాలో చెప్పేది ఆర్‌ఎంపీ. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏముందో, దాన్ని ఎవరు పరీక్షించారో, తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియకుండానే మందు చేతికొస్తుంది. ఇచ్చే మనిషిని నమ్మి తీసుకుంటాం. ఏఎన్‌ఎం వచ్చి చెయ్యి చాపమంటే మా అమ్మలు చాపింది ఆ నమ్మకంతోనే. అందులో తప్పేమీ లేదు. ఆ నమ్మకం లేకపోతే పోలియో మన ఊళ్ళు వదిలి పోయేది కాదు. అయితే ఆ నమ్మకాన్ని ఎవరు దేనికి వాడుకున్నారన్నది అడగాల్సిందే.

పటాన్‌చెరు, 1985

ఆ ప్రశ్నను తెలుగునాట గట్టిగా అడిగినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనను. 1985లో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను పరీక్షించే పని మొదలైంది. దేశంలో ఈ పరీక్షలు నడుపుతున్నది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్. వచ్చిన స్త్రీలకు అదొక కొత్త సూది అనీ, వేయించుకుంటే కొన్నాళ్ళు కడుపు రాదనీ తెలుసు. అదింకా పరీక్షలో ఉన్న మందని, తాము ఆ పరీక్షలో భాగమని తెలియదు. సంఘటన సభ్యులు ఈ సంగతి బయటపెట్టారు. ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు పద్నాలుగేళ్ళు నడిచింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను పెద్దయెత్తున ప్రవేశపెట్టే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పాక 2000లో ముగిసింది.

అప్పుడూ స్త్రీలు సైన్సుకు అడ్డం పడుతున్నారన్న మాట వచ్చింది. వాళ్ళడిగినవి మాత్రం చాలా మామూలు ప్రశ్నలు. ఈ సూది ఒకసారి వేశాక ఒంట్లోంచి తీయడం కుదరదు కదా, ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు? రక్తస్రావం ఎక్కువైతే ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసే డాక్టరున్నారా? ఈ పరీక్షలో చేరనని చెప్పే వీలు ఆ స్త్రీకి ఉందా? అదే రకం మరో ఇంజక్షన్ డీఎంపీఏను 2017లో 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చారు. ఆ ప్రశ్నలను అప్పుడు మళ్ళీ అడగాల్సి వచ్చింది.

ఖమ్మం, 2009

పటాన్‌చెరు తర్వాత దాదాపు పాతికేళ్ళకు అదే రాష్ట్రం, అదే పరిశోధన మండలి. ఈసారి సూది పడింది చిన్నపిల్లలకు. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళకు వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే టీకా అది. ఆ పనిని అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా నడిచే పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తలపెట్టాయి. డబ్బు బిల్ అండ్ మెలిందా గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మంలో మెర్క్ కంపెనీ గార్డసిల్, గుజరాత్‌లోని వడోదరలో గ్లాక్సో కంపెనీ సెర్వారిక్స్. ఖమ్మంలో సుమారు 14,000 మంది, వడోదరలో 10,000 మందికి పైగా పిల్లలు.

ఖమ్మంలోనూ మన పల్నాడులో లాగే పత్తి, మిరప పండుతాయి. తేడా ఏమిటంటే భద్రాచలం అడవుల్లోని కోయ పిల్లలు చదువుకోసం హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉంటారు. మూడు డోసులు వేయాల్సిన పథకానికి ఇది చాలా సులువైన చోటు. పిల్లలందరూ ఒకే కప్పు కింద దొరుకుతారు. రెండో డోసుకూ మూడో డోసుకూ వెతుక్కోనక్కర్లేదు. అడ్డుచెప్పే తల్లి పక్కన ఉండదు.

2009 అక్టోబరులోనే ఢిల్లీలోని 'సమ' వంటి స్త్రీల ఆరోగ్య సంఘాలు కేంద్ర ఆరోగ్య మంత్రికి లేఖ రాశాయి. 2010 మార్చిలో కొందరు భద్రాచలం వచ్చి హాస్టళ్ళలో పిల్లలతోనూ, ఊళ్ళలో తల్లిదండ్రులతోనూ మాట్లాడారు. చాలామంది తల్లిదండ్రులకు ఏ టీకా వేశారో తెలియదు. కాగితాల మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉంది కాబట్టి అది అందరికీ వేసే సర్కారు టీకా అనుకున్నారు. అప్పటికే టీకా వేసిన పిల్లల్లో నలుగురు ఖమ్మంలో చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. పార్లమెంటులో బృందా కారత్ ఈ విషయం పట్టుకున్నారు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ పని ఆపించి, విచారణ సంఘాన్ని వేసింది.

విచారణలో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లల మరణాలు లెక్కకొచ్చాయి. వాటికి చెప్పిన కారణాల్లో మలేరియా ఉంది, నీళ్ళలో మునిగిపోవడం ఉంది, పాముకాటు ఉంది, పురుగుల మందు ఉంది. టీకావల్ల జరిగినవి కాకపోవచ్చునని సంఘం చెప్పింది. ఆ తర్వాత ప్రపంచమంతా కోట్లమందికి వేశాక తెలిసినదాన్నిబట్టి చూసినా ఈ టీకా అలా ప్రాణాలు తీసే మందు కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఖమ్మం పేరు చెప్పి ఈ టీకాను భూతంలా చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ పద్నాలుగేళ్ళు నిండని పిల్ల పురుగుల మందు తాగితే ఆ మరణాన్ని 'సంబంధం లేదు' అన్న గడిలో వేసి పక్కన పెట్టేయడం పత్తి పొలాల మధ్య బతికేవాళ్ళకు మింగుడుపడదు. ఆ కారణాలను తేల్చడానికి సరైన ఏర్పాటే లేదన్నది అసలు సంగతి. టీకా తర్వాత పిల్లలకు ఏమవుతుందో గమనించి నమోదు చేసే పద్ధతి లేదు, బీమా లేదు.

ఇక అంగీకార పత్రాలు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు లేదా హెడ్మాస్టర్లు పెట్టిన సంతకాలు. ఇది ఏ వార్డెనో సొంతంగా చేసిన పని కాదు. అలా సంతకం పెట్టమని ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చింది. వార్డెన్ ఒక చిన్న ఉద్యోగి. పైనుంచి కాగితం వస్తే కాదనగలిగే స్థితి ఆ మనిషికి లేదు. జిల్లా అధికారికి రాష్ట్ర శాఖ చెబుతుంది. రాష్ట్ర శాఖకు ఢిల్లీలోని పరిశోధన మండలి పేరే భరోసా. పరిశోధన మండలి 2007 ఫిబ్రవరిలోనే పాత్‌తో ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఆ టీకాకు మన దేశంలో అనుమతే లేదు, 2008లో వచ్చింది. అంటే మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో దేశానికి నీతి నియమాలు రాసే సంస్థ, తానే భాగస్వామిగా ఉన్న పనిలో ఆ నియమాలు అమలవుతున్నాయో లేదో చూసుకోలేదు.

2013 ఆగస్టులో ఆరోగ్య శాఖ మీద పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికను సభ ముందు పెట్టింది. పాత్‌నూ ఐసీఎంఆర్‌నూ ఔషధ నియంత్రణాధికారినీ ముగ్గురినీ తప్పుపట్టింది. ఇది అనుమతి వచ్చిన టీకాను గమనించే అధ్యయనం మాత్రమే అన్న వాదనను ఒప్పుకోలేదు, ఇది క్లినికల్ ట్రయలేనంది. పాత్ ఈ నిర్ధారణలతో విభేదించింది. పేరులో ఏముందనిపించవచ్చు. ట్రయల్ అంటే బీమా ఉండాలి, హాని జరిగితే పరిహారం ఉండాలి, ప్రతి చావునూ గడువులోగా నివేదించాలి. అధ్యయనం అంటే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదన్నట్టు నడిచింది.

హైదరాబాదులోని గ్రామ్య సంస్థతో పనిచేసే రుక్మిణీరావు, మరికొందరు స్త్రీలు ఈలోగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అక్కడ ముందు ఇంకో ప్రశ్న తేల్చాల్సి వచ్చింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో ఆధారంగా చూపించవచ్చా? కంపెనీలు కూడదన్నాయి. 2018 మే 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలాంటి నివేదికను కోర్టులో చూపించవచ్చు గానీ దాని తప్పొప్పులను అక్కడ సవాలు చేయకూడదని తేల్చింది. పార్లమెంటు నివేదికను పౌరులు చేతబట్టుకుని కోర్టులో మాట్లాడే హక్కు భద్రాచలం హాస్టళ్ళ పిల్లల పేరున వచ్చింది. రాజ్యాంగం పాఠాలు చెప్పేవాళ్ళు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

పిడుగురాళ్ళ, 2011

ఖమ్మం గొడవ చల్లారకముందే మన గుంటూరు జిల్లాలోనే ఇంకొకటి బయటపడింది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల ఊరు, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. అక్కడి పేద స్త్రీలను కొందరు మధ్యవర్తులు హైదరాబాదులోని ఒక ఔషధ పరీక్షల సంస్థకు తీసుకెళ్ళారని 2011 జూన్‌లో వార్తలొచ్చాయి. ఒక కంపెనీ మందును ఇంకో కంపెనీ తయారుచేస్తే, అది కూడా అసలుదానిలాగే రక్తంలో కలుస్తోందా లేదా అని ఆరోగ్యంగా ఉన్న మనుషులకిచ్చి చూస్తారు. ఆ పరీక్ష అది. వీళ్ళకిచ్చింది క్యాన్సర్ మందు. కొన్ని వేల రూపాయలు వస్తాయని వెళ్ళిన ఆడవాళ్ళు, తిరిగొచ్చాక నొప్పులనీ నీరసమనీ చెప్పారు. కేంద్ర నియంత్రణ అధికారులు తనిఖీ చేసి, ఆ సంస్థ పరీక్షలను కొంతకాలం ఆపించారు.

ఖమ్మంలో సంతకం పెట్టింది వార్డెన్. ఇక్కడ ఆ స్త్రీలే పెట్టారు. కాబట్టి అంగీకారం ఉన్నట్టేనా? చేతిలో పైసా లేని రోజుల్లో పెట్టిన సంతకానికీ, కూలి పనులు బాగా దొరికే రోజుల్లో పెట్టే సంతకానికీ తేడా ఉంది. పల్నాడులో అప్పిచ్చినవాడి దగ్గర తెల్ల ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసిన ఆడవాళ్ళకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ రెండు సంఘటనల తర్వాత, దేశంలో మరికొన్ని చోట్ల ట్రయల్స్ మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసు ఒత్తిడితో, 2013లో నియమాలు మారాయి. ట్రయల్‌లో హాని జరిగితే పరిహారం ఇవ్వాల్సిందేనన్నారు. అంగీకారం తీసుకునేటప్పుడు ఆడియో, వీడియో రికార్డు చేయాలన్నారు. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. నియంత్రణ సంస్థలు తమంతట తాము కూర్చుని రాసుకున్నవి కావు ఇవి.

ఆగిపోయిన టీకా

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే కథ సగమే అవుతుంది. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే 1,23,000 మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. సుమారు 77,000 మంది చనిపోయారు. చిన్న వయసులో పెళ్ళి, వరుస కాన్పులు, పరీక్ష అంటే సిగ్గు, రక్తస్రావమైతే 'ముట్లుడిగే వయసు కదా' అనుకుని ఊరుకోవడం, చివరికి ముదిరాక పెద్దాసుపత్రికి బస్సెక్కడం. మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళలో ఈ దారిన పోయినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా కనిపిస్తారు. ఈ టీకా అవసరం అందరికన్నా వాళ్ళ కూతుళ్ళకే ఎక్కువ.

ఖమ్మంలో చేసిన పనివల్ల ఆ టీకా పేరెత్తడమే కష్టమైంది. పంజాబ్ 2016లో పత్తి పండే బఠిండా, మాన్సా జిల్లాల్లో మొదలుపెట్టింది. సిక్కిం 2018లో మొదలుపెట్టింది. జాతీయ కార్యక్రమంలో చేర్చాలని నిపుణులు చర్చిస్తున్న రోజుల్లో స్వదేశీ జాగరణ్ మంచ్ వద్దంటూ ప్రధానికి లేఖ రాసింది. అంటే ఖమ్మంలో నాయకులూ శాస్త్ర సంస్థా కలిసి తొందరపడితే, తర్వాత రాజకీయం అడ్డుపడి వెనక్కి లాగింది. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. ఖమ్మం నుంచి అక్కడికి పన్నెండేళ్ళు. ఈ ఆలస్యానికి స్త్రీల సంఘాలే కారణమని కొందరు డాక్టర్లు అంటారు. నేనలా అనుకోను. పిల్లలనూ తల్లులనూ అడిగి, తెలుగులోనో కోయ భాషలోనో చెప్పి మొదలుపెట్టి ఉంటే, నలుగురు పిల్లలు చనిపోయినప్పుడు వెంటనే నిజాయితీగా కారణం వెతికి చెప్పి ఉంటే, ఆపాల్సిన పనే వచ్చేది కాదు.

ఆ ఆపడంలోంచే ఎవరూ అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లోనే మన దేశంలో తొమ్మిది చోట్ల వేరే అధ్యయనం మొదలుపెట్టింది. 20,000 మంది అమ్మాయిల్లో రెండు డోసులు మేలా, మూడా అని చూడాలనుకున్నారు. 2010 ఏప్రిల్ ఆదేశంతో అదీ మధ్యలో ఆగింది. అప్పటికి 17,729 మందికి టీకా పడింది. వాళ్ళలో సుమారు 4,950 మందికి ఒక్క డోసే అందింది. వాళ్ళనలాగే ఏళ్ళ తరబడి గమనిస్తే, ఆ ఒక్క డోసే దాదాపు మూడు డోసులంత కాపు కాస్తోందని తేలింది. ఇతర దేశాల అధ్యయనాలతో కలిపి ఈ ఫలితాన్ని చూసి, ఒక్క డోసు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు.

మన ప్రాంతానికి ఇది చాలా పెద్ద మాట. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి ఏటా మిరప కోతలకు కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు వైపు వలస వస్తాయి. బడి ఒక ఊళ్ళో, పిల్ల ఇంకో ఊళ్ళో. ఆరునెలల్లో మూడు డోసులంటే ఆ పిల్లకు పూర్తిగా అందడం కల్ల. ఒక్క డోసైతే అందుతుంది. అలా అందేలా చేసిన రుజువు, మధ్యలో వదిలేసిన వేలమంది ఆడపిల్లల ఒంట్లోంచి వచ్చింది. వాళ్ళకు కృతజ్ఞత చెప్పినవాళ్ళెవరూ నాకు కనిపించలేదు.

మళ్ళీ తేదీలు

2020 జూలై 2న ఐసీఎంఆర్ అధిపతి కోవాక్సిన్ ట్రయల్స్ జరపాల్సిన ఆసుపత్రులకు లేఖ రాశారు. ఆగస్టు 15 నాటికి టీకా బయటికి రావాలన్నది అందులో మాట. హైదరాబాదు నిమ్స్, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి ఆ జాబితాలో ఉన్నాయి. టీకా తయారీలో భారత్ బయోటెక్‌తో ఐసీఎంఆర్ కూడా భాగస్వామే. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆ గడువు అసమంజసమని బహిరంగంగానే అంది. గడువు జరిగింది. కానీ 2021 జనవరి 3న, మూడో దశ ఫలితాలు రాకముందే, ఔషధ నియంత్రణాధికారి 'క్లినికల్ ట్రయల్ పద్ధతి' అన్న షరతుతో అనుమతిచ్చారు. ఆ వరసలో ముందు నిలబడింది ఎవరు? ఆసుపత్రి సిబ్బంది, ఏఎన్‌ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీలు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఏ టీకా కావాలో ఎంచుకునే వీలు వాళ్ళకు లేదు. గుంటూరు జిల్లాలో ఒక ఆశా కార్యకర్త టీకా వేయించుకున్న కొద్దిరోజులకు చనిపోయినప్పుడు, కారణం ఏమిటో తేల్చమనీ పరిహారం ఇమ్మనీ తోటి ఆశాలు ఆందోళన చేయాల్సి వచ్చింది.

తర్వాత వచ్చిన మూడో దశ ఫలితాల్లో కోవాక్సిన్ సామర్థ్యం 77.8 శాతమని తేలింది. టీకా పనిచేసింది. హెచ్‌పీవీ టీకా కూడా పనిచేస్తుంది. అయినా, మందు మంచిదన్న సమాధానం, నన్నెందుకు అడగలేదన్న ప్రశ్నకు సమాధానం కాదు. అదే సమయంలో గర్భిణులను ట్రయల్స్‌లో చేర్చుకోలేదు కాబట్టి సమాచారం లేదని టీకాకు దూరంగా ఉంచారు. రెండో విడత కరోనా ఊళ్ళను ఊపేశాక 2021 జూలైలో గానీ వాళ్ళకు అనుమతి రాలేదు. కొందరు ఆడవాళ్ళను అడగకుండా చేర్చారు, ఇంకొందరిని అడగకుండా పక్కన పెట్టారు.

నాయకుడూ నియంత్రణాధికారీ తగాదా పడటం మంచిదే. వాళ్ళు మరీ సఖ్యంగా ఉన్న రోజునే, ఖమ్మంలో లాగా, మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌పీవీ టీకా మన బడి పిల్లల దాకా వచ్చినప్పుడు దాన్ని కాదనకూడదు, నేను అందరికీ వేయించమనే చెబుతాను. వేయించే ముందు అడగాల్సినవి అడుగుదాం. కాగితం తెలుగులో ఉందా? అమ్మకు ఎవరు చదివి చెప్పారు? పిల్లకు అర్థమైందా, తన ఇష్టం అడిగారా? ఆ రాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎవరొస్తారు? కోతలకు వెళ్ళిన పిల్లకు డోసు పడిందని ఏ ఊరి రిజిస్టరులో రాస్తారు? హాని జరిగితే ఎవరు బాధ్యత తీసుకుంటారు? ఏ ఆశా అక్కనైనా ఈ ప్రశ్నలు అడగవచ్చు. ఆమెకు జవాబు తెలియకపోతే ఆమెతో కలిసి పైవాళ్ళను అడగాలి. సంతకం అమ్మే పెట్టాలి.